రాయి నొప్పి తగ్గింది, కానీ రిపోర్టులో అల్బుమిన్ 1+ అని ఉంది. పట్టించుకోవాలా?

ఎడమవైపునడుము అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. నాకు 38. షుగర్ లేదు (రెండేళ్ల కింద చూపించుకున్నప్పుడు లేదు), బీపీ ఎప్పుడు చూపించుకున్నానో గుర్తు కూడా లేదు. పది రోజుల కింద తెల్లవారుజామున మూడింటికి ఎడమవైపు నడుము పైన ఏదో గుచ్చినట్టు మొదలైంది. గ్యాస్ అనుకుని ఒక మాత్ర వేసుకుని పడుకున్నా. అరగంటలో పడుకోలేను, కూర్చోలేను, నిలబడలేను, బాత్రూం గోడకి నుదురు ఆనించి అటూ ఇటూ ఊగుతున్నా, నొప్పి నడుములోంచి పొత్తికడుపులోకి, అక్కణ్నుంచి గజ్జల్లోకి దిగింది. రెండుసార్లు వాంతి. ఆస్పత్రికి తీసుకెళ్తే ఇంజెక్షన్ ఇచ్చాక ఇరవై నిమిషాలకి మనిషినయ్యాను.

సీటీ స్కాన్‌లో ఎడమ మూత్రనాళం కింది భాగంలో 6 ఎంఎం రాయి, పైన ఎడమ కిడ్నీ కొంచెం ఉబ్బి ఉంది అన్నారు. నొప్పి మాత్రలు, రాయి జారడానికి రాత్రిపూట ఒక మాత్ర ఇచ్చారు, నీళ్లు బాగా తాగి రెండు వారాల తర్వాత రమ్మన్నారు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు రోజులుగా నొప్పి లేదు. నిన్న రాత్రి ఊరికే ఫైలు తిరగేస్తుంటే మధ్యలో ఒక కాగితం కనబడింది: క్రియాటినిన్ 1.4, యూరిన్‌లో అల్బుమిన్ 1+, ఎర్ర రక్తకణాలు ఫీల్డు నిండా. దీని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. డాక్టరు, నర్సు, మా ఇంట్లోవాళ్లు, అందరూ రాయి, రాయి, రాయి.

నొప్పి పోయిందంటే రాయి పోయినట్టేనా? ఆ 1.4, ఆ 1+ రాయి వల్లేనా, వేరేదా? మా బావమరిది రెండు బీర్లు తాగు, అదే కొట్టుకుపోతుంది అంటున్నాడు, నిజమేనా? అంకెలు చూసినప్పటినుంచి నిద్ర పట్టట్లేదు, నెట్‌లో వెతికితే టెన్షన్ ఇంకా పెరిగింది.

---

మూడురాళ్లవాడు:

నా పేరు చూస్తే తెలిసిపోతుంది కదా బ్రదర్, పన్నెండేళ్లలో మూడు. కాబట్టి రాయి వరకూ నేను చెప్తా, మిగతాది తెలిసినవాళ్లు చెప్తారు.

నొప్పి పోతే రాయి పోయినట్టు కాదు. ఇది అందరూ చేసే తప్పు, నేనూ చేశా. రాయి ఉన్నందుకు నొప్పి రాదు, రాయి దారికి అడ్డంపడి వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బినప్పుడు వస్తుంది. రాయి కాస్త పక్కకి తిరిగి మూత్రం సందులోంచి కారడం మొదలైతే నొప్పి ఆగిపోతుంది, రాయి మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. నా రెండో రాయి అలాగే నెలన్నర కూర్చుంది, నేను పోయింది అనుకుని స్కాన్‌కి వెళ్లలేదు, చివరికి గొట్టం పెట్టి లేజర్‌తో పగలగొట్టి తీశారు. అలా నెలల తరబడి అడ్డం ఉంటే ఆ వైపు కిడ్నీ నొప్పి లేకుండానే పాడవుతుంది. కాబట్టి రెండు వారాలకి రమ్మంటే కచ్చితంగా వెళ్లు.

సైజు సంగతి: 5 ఎంఎం లోపు అయితే చాలావరకు వాటంతట అవే పడిపోతాయి, 10 దాటితే అయ్యే పని కాదు. 6 అంటే మధ్యలో ఉన్నావు, పైగా కింది భాగం దాకా వచ్చింది కాబట్టి మంచిదే. ఆ రాత్రి మాత్ర మూత్రనాళం కండరాన్ని వదులు చేస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, నెమ్మదిగా లే.

ఒక టీ వడగట్టుకునే జల్లెడ విడిగా పెట్టుకో (దాని మీద పెన్నుతో గుర్తు పెట్టు, మా ఇంట్లో ఒకసారి ఘోరం జరగబోయింది). ప్రతిసారీ అందులోంచే పొయ్యి. రాయి దొరికితే పారేయకుండా సీసాలో వేసి ల్యాబ్‌కి ఇవ్వు. ఏ రకం రాయో తెలిస్తేనే ఇంకోటి రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. చాలామందికి కాల్షియం ఆక్సలేట్. నా మూడోది యూరిక్ యాసిడ్ రాయి అని తేలింది, అది మామూలు ఎక్స్‌రేలో కనబడదు, మూత్రంలో పులుపు తగ్గించే మందు వాడితే కరుగుతుంది. కాల్షియం రాయిని కరిగించే మందు మాత్రం లేదు, ఎవరు ఏ సీసా అమ్మినా.

కాల్షియం రాయి అనగానే పాలు, పెరుగు మానేస్తారు, అది తిరగబడే పని. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, కాల్షియం మానేస్తే ఆ ఆక్సలేట్ అంతా మూత్రంలోకి వస్తుంది. తగ్గించాల్సింది ఉప్పు, ఎందుకంటే ఉప్పు ఎంత ఎక్కువ పోతే మూత్రంలోకి కాల్షియం అంత ఎక్కువ వస్తుంది. నీళ్లు ఎన్ని గ్లాసులు తాగావని లెక్కపెట్టుకోవడం కన్నా, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి అని పెట్టుకో. బీరు వల్ల మూత్రం ఎక్కువ వస్తుంది కానీ తర్వాత ఒళ్లు ఎండిపోతుంది. మీ బావమరిదికి బీరు తాగడానికి తోడు కావాలి, అంతే.

చివరిది, ఇది మాత్రం నవ్వుతూ చెప్పట్లేదు. రాయి లోపలుండగా చలితో జ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగినా, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. అడ్డం పడిన చోట చీము పడితే కొన్ని గంటల్లో రక్తంలోకి ఎక్కుతుంది. ముందు మూత్రనాళంలో స్టెంట్ అనే సన్న గొట్టమో, నడుములోంచి ట్యూబో వేసి ఆ మూత్రాన్ని వదిలిపెడతారు, రాయి సంగతి తర్వాత చూస్తారు.

---

పచ్చిమందు:

ఇవన్నీ ఎందుకు గురూ, మా చుట్టాల్లో ఒకాయన కషాయం ఇస్తాడు, పదిహేను రోజుల్లో ఎంత రాయైనా పిండి. క్రియాటినిన్ కూడా దిగిపోతుంది. ఇన్‌బాక్స్‌లోకి రా.

---

మూడురాళ్లవాడు:

5 ఎంఎం లోపువి నీళ్లు తాగినా పడిపోతాయి గురూ, కషాయం తాగినా పడిపోతాయి, ఆ పేరు కషాయానికి వస్తుంది. కిడ్నీ అంకెలు తేడాగా ఉన్న మనిషికి ఏం కలిపారో తెలియని మందు ఇన్‌బాక్స్‌లో ఇవ్వకు, ప్లీజ్.

---

శాంపిల్‌సీసా:

నేను ల్యాబ్‌లో పనిచేస్తానండి, డాక్టర్‌ని కాదు. కానీ ఈ కాగితాలు రోజూ వందల్లో చూస్తాను కాబట్టి ఆ అంకెలు ఏమిటో చెప్పగలను.

అల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. 1+ అంటే ఆ రంగు కాగితం పుల్లని మూత్రంలో ముంచితే లేత ఆకుపచ్చగా మారింది అని. డెసీలీటరుకి సుమారు 30 మిల్లీగ్రాములు. ఇది ఉజ్జాయింపు పరీక్ష. మూత్రం చిక్కగా ఉన్నా, జ్వరం ఉన్నా, ముందురోజు బాగా వ్యాయామం చేసినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, మీలాగా రక్తకణాలు నిండుగా ఉన్నా 1+ రావచ్చు. రాయి గీసుకుంటూ వస్తుంటే రక్తం వస్తుంది. కాబట్టి ఆ రోజు శాంపిల్ మీద ఆధారపడి భయపడక్కర్లేదు. అలాగని కొట్టిపారేయక్కర్లేదు కూడా.

క్రియాటినిన్ 1.4 కూడా అంతే. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ వడపోత తగ్గితే అది రక్తంలో పెరుగుతుంది. 38 ఏళ్ల మగవాళ్లకి 1.4ని వడపోత లెక్కలోకి మారిస్తే నిమిషానికి సుమారు 66 మిల్లీలీటర్లు వస్తుంది (ఈజీఎఫ్ఆర్ అంటారు, మీ వయసుకి 90 పైన ఉండాలి). కానీ మీరు వాంతులు చేసుకుని, ఒళ్లు ఎండిపోయి, ఒకవైపు కిడ్నీకి దారి మూసుకుపోయి, నొప్పి మాత్రలు వేసుకుని ఉన్న రోజు తీసిన రక్తం అది. అలాంటి రోజున వచ్చిన అంకెతో ఈ లెక్క వేయకూడదు. రాయి పోయాక మళ్లీ చేయించండి. జిమ్‌లో బాగా కండ పెంచినవాళ్లకి మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది, అదీ డాక్టరుకి చెప్పండి.

రాయి పోయి, ఒకటి రెండు వారాలు ఆగి, పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టి అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో అని ఒక పరీక్ష ఉంటుంది, అది అడగండి. పుల్ల పరీక్షలా ప్లస్సులు ఉండవు, అంకె ఇస్తుంది. 30 లోపు నార్మల్, 30 నుంచి 300 మధ్య అయితే కిడ్నీలోని వడపోత జల్లెడలో ప్రోటీన్ కారుతోందని అర్థం, 300 దాటితే బాగా కారుతోందని. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి, చాలామంది మొదటిదే పట్టేసి చర్మం మీది కణాలన్నీ కలిపి ఇస్తారు, మేం ఇన్ఫెక్షన్ అని రాస్తాం, వాళ్లు అనవసరంగా యాంటీబయాటిక్ మింగుతారు.

రాయి పోయాక కూడా రక్తకణాలు కనబడితే వదిలేయకండి. ముఖ్యంగా సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా రక్తం పడితే మూత్రాశయం లోపల చూడాలి.

ఒక్క ప్రశ్న. మీకు మూత్రంలో నురగ వస్తుందా? మామూలుగా వేగానికి వచ్చే బుడగలు కాదు, ఫ్లష్ చేసినా అంచున అతుక్కుని ఉండేది.

---

ఎడమవైపునడుము:

మీరు అడిగారు కాబట్టి ఆలోచిస్తే... వస్తుందండి. ఏడాది పైనే అయింది. బాత్రూం కడిగే సబ్బు వల్ల అనుకున్నా. ఇంకోటి కూడా చెప్పాలి, నాది రోజంతా కుర్చీలో పని, మెడ, నడుం నొప్పికి వారానికి మూడు నాలుగుసార్లు నొప్పి మాత్ర వేసుకుంటా. నాలుగైదేళ్ల నుంచి. అది దీనికి సంబంధం ఉందా?

---

వారానికిమూడుసార్లు:

తమ్ముడూ, ఉంది. నేను ఈ థ్రెడ్‌లో రాయకూడదు అనుకున్నా, రాస్తే భయపడతావని. ఆ నొప్పి మాత్రల మాట చూశాక ఆగలేకపోయా.

నాకు 41. నీకు రాయి వచ్చి అరిచి గోల చేసింది, నాకు ఒక్కరోజు కూడా నొప్పి రాలేదు. ఒక్కసారి కూడా. 36లో ఉద్యోగం మారేటప్పుడు మెడికల్ చెకప్ అన్నారు, బీపీ 190/110. మెషీన్ పాడైందేమో అని ఆ అమ్మాయి ఇంకో మెషీన్ తెచ్చింది. క్రియాటినిన్ 5.8. అప్పటికి నాకు ఉన్నవల్లా రాత్రి రెండుసార్లు మూత్రానికి లేవడం, సాయంత్రానికి సాక్సుల గీత కాలి మీద లోతుగా పడటం, కొంచెం నీరసం. పని ఒత్తిడి అనుకున్నా. స్కాన్‌లో రెండు కిడ్నీలూ చిన్నగా కుంచించుకుపోయి ఉన్నాయి, అంటే ఏళ్ల తరబడి జరిగిందన్నమాట. బీపీ వల్ల కిడ్నీ పోయిందా, కిడ్నీ జబ్బు వల్ల బీపీ వచ్చిందా అంటే, ఇప్పుడు చెప్పలేం అన్నారు.

ఇన్నేళ్లూ నాకెందుకు తెలియలేదో తర్వాత అర్థమైంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి, రెండూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో లీటరున్నరో రెండో మాత్రమే బయటికి వదిలి మిగతాదంతా వెనక్కి లాక్కుంటాయి. కొన్ని చచ్చిపోతే పక్కవి ఆ పని కూడా నెత్తిన వేసుకుంటాయి, అందుకే సగం దాకా పోయినా క్రియాటినిన్ నార్మల్ గీత దాటకపోవచ్చు. ఎక్కువ పని చేసి చేసి అవీ అలిసిపోతాయి. ముందు మూత్రంలో ప్రోటీన్ కారడం మొదలవుతుంది. అదే నీ నురగ కావచ్చు. కాకపోవచ్చు కూడా, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

నొప్పి మాత్రల సంగతి: కిడ్నీ జల్లెడలోకి రక్తం తెచ్చే నాళం విచ్చుకుని ఉండటానికి ఒంట్లో ఒక పదార్థం సాయం చేస్తుంది, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి దాన్నే ఆపేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎప్పుడో ఒకటి వేసుకుంటే ఏమీ కాదు. ఒళ్లు ఎండి ఉన్నప్పుడో, కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉన్నప్పుడో వేసుకుంటే ఆ జల్లెడకి రక్తం అందదు. పైగా బీపీ పెంచుతాయి. నీకు రాయి నొప్పికి కూడా అవే ఇచ్చి ఉంటారు, ఆ నొప్పికి అవి బాగా పనిచేస్తాయి, తప్పు లేదు, కానీ నీ 1.4 సంగతి, నాలుగేళ్ల అలవాటు సంగతి డాక్టరుకి తెలియాలి. వాళ్లు అడగలేదు, నువ్వు చెప్పలేదు.

నువ్వు రాయి కోసం కలిసింది యూరాలజిస్టుని. ఆయన సర్జన్, పైపులు చూసే మనిషి: మూత్రనాళం, బ్లాడరు, ప్రోస్టేటు. జల్లెడ సంగతి చూసేది నెఫ్రాలజిస్టు. అందుకే నీ ఫైల్లో ఆ కాగితం మీద ఎవరి కన్నూ పడలేదు.

నా సంగతి: డయాలసిస్, అంటే కిడ్నీల బదులు మెషీన్ రక్తం వడకట్టడం, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. ఆ సూదుల కోసం ఎడమ చేతిలో ధమనిని సిరకి కలిపి ఫిస్టులా చేశారు, దాని మీద వేలు పెడితే పిల్లి గురగురలాడినట్టు ఉంటుంది, రోజూ పొద్దున్నే లేవగానే ముందు అది తడిమి చూసుకుంటా, గురగుర ఉందంటే ఆ రోజుకి బండి నడుస్తుందని. నీకు నీళ్లు బాగా తాగమన్నారు కదా, నాకు రోజంతటికీ ముప్పావు లీటరు, మాత్రలు మింగే నీళ్లతో కలిపి. మందు వేసుకోవడానికి ఒక గుటక లెక్కపెట్టి తాగుతా. అందుకే 'కిడ్నీ జబ్బా, నీళ్లు బాగా తాగండి' అనే మాట వింటే నాకు మండుతుంది. రాయికి అది మందు, నాకు అది ఊపిరితిత్తుల్లోకి చేరే నీరు.

(ఆ నాలుగు గంటల్లో చదివిందే: మనుషులకి పనికొచ్చే మొదటి డయాలసిస్ మెషీన్ని 1943లో విలెం కోల్ఫ్ అనే డచ్ డాక్టరు యుద్ధం మధ్యలో సాసేజ్ చుట్టే సెల్లోఫేన్ గొట్టంతో తయారుచేశాడట. మొదట చికిత్స చేసినవాళ్లు దాదాపు అందరూ పోయారు, 1945లో ఒకావిడ బతికింది. ఆవిడ పుణ్యమే అనుకుంటా మా బతుకులు.)

నీకు నేను చెప్పేది ఒకటే, ఈ రోజు బీపీ చూపించుకో. పావుగంట కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టుకుని. తర్వాత మళ్లీ ఇంకో రోజు.

---

స్ట్రిప్పులఅమ్మ:

నురగ మాట చూసి నేనూ రాస్తున్నాను. మా పాపకి నాలుగేళ్లప్పుడు పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బి ఉండేది, సాయంత్రానికి తగ్గేది. అలర్జీ అని రెండు వారాలు సిరప్ పోశాం. ఒకరోజు గౌను బొత్తాం పెట్టబోతే పొట్ట దగ్గర పట్టలేదు. తీసుకెళ్తే యూరిన్ అల్బుమిన్ 4+. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు, వడపోత పొర వదులై ప్రోటీన్ అంతా పోతుంటే రక్తంలో పట్టి ఉంచేది లేక నీరు ఒంట్లోకి చేరుతుందట. పిల్లల్లో ఎక్కువమందికి స్టెరాయిడ్‌తో తగ్గిపోతుంది, మాకూ పన్నెండు రోజుల్లో అల్బుమిన్ నిల్ వచ్చింది, కానీ జలుబు చేసినప్పుడల్లా తిరగబెట్టింది, మొత్తం నాలుగుసార్లు. రోజూ పొద్దున పుల్ల ముంచి రంగు చూసి నోటుబుక్కులో రాసేదాన్ని, ఆ బుక్కు ఇంకా ఉంది. ఇప్పుడు పదకొండేళ్లు, మూడేళ్లుగా ఒక్క ప్లస్సూ లేదు.

అదే వార్డులో పక్క మంచం బాబుది వేరే కథ, గొంతు నొప్పి తగ్గిన రెండు వారాలకి మూత్రం డికాషన్ రంగులో వచ్చి, మొహం వాచి, బీపీ పెరిగింది. అది నెఫ్రైటిస్, అంటే కిడ్నీ వాపు. వాడికి మాత్రం కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంది. చూడ్డానికి ఇద్దరి మొహాలూ ఒకేలా వాచాయి, జబ్బులు వేరు, మందులు వేరు. అందుకే ఇంకొకళ్ల మందు మనకి పనికిరాదు. పిల్లల సంగతి వేరు, పెద్దవాళ్లకి ఇలా అల్బుమిన్ పోతుంటే చాలాసార్లు కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తారట, బయాప్సీ అంటే కంగారు పడకండి.

---

ఎడమవైపునడుము (ఆరు వారాల తర్వాత):

మర్చిపోయాను అనుకున్నారా. ఒక్కో పరీక్ష అయ్యేదాకా ఆగి రాస్తున్నా.

రాయి దొరికింది. పోస్టు పెట్టిన ఆరో రోజు, మధ్యాహ్నం పూట, ఒక్క క్షణం ధార ఆగి టక్ మని జల్లెడలో పడింది. మిరియం గింజంత, గోధుమ రంగు, ఒంటినిండా ముళ్లు. ఇంత చిన్నదా నన్ను గోడకేసి ఊపింది అనిపించింది. కాల్షియం ఆక్సలేట్ అని రిపోర్టు. స్కాన్‌లో కిడ్నీ ఉబ్బు తగ్గిపోయింది, ఇంకో రాయి లేదు.

బీపీ ఆ రోజే చూపించుకున్నా అన్నా, 154/98. టెన్షన్ వల్ల అనుకుని వారం రోజులు ఇంట్లో పొద్దున, సాయంత్రం రాసుకున్నా, ఒక్కసారి కూడా 140 కిందికి రాలేదు. నొప్పి మాత్రలు మానేశా, నడుముకి వ్యాయామాలు నేర్పించారు.

మూడు వారాలకి మళ్లీ రక్తం ఇచ్చా. క్రియాటినిన్ 1.2, వడపోత లెక్క 79. షుగర్ లేదు. రక్తకణాలు లేవు. అల్బుమిన్ రేషియో 180. శాంపిల్‌సీసా గారు చెప్పినట్టే పొద్దున్నే మొదటిది, మధ్య ధార. అంటే రాయి పోయినా అది పోలేదు. నెఫ్రాలజిస్టుని కలిశా. మూడు నెలలు ఇలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అని పేరు పెడతారట, ఈలోపు బీపీ తగ్గించి ప్రోటీన్ కారడం కూడా తగ్గించే మాత్ర మొదలుపెట్టారు, ఉప్పు సగానికి కోయమన్నారు, రేషియో తగ్గకపోతే బయాప్సీ అన్నారు. ఆయన ఫైలు మొత్తం తిరగేసి అన్న మాట, "ఆ రాయే రాకపోతే నువ్వు నా దగ్గరికి ఇంకో ఎనిమిదేళ్లకి వచ్చేవాడివి." రాయి సీసా టేబుల్ మీద పెట్టుకున్నా, పారేయబుద్ధి కావట్లేదు.

బావమరిదికి కూడా బీపీ చూపించా. 148. ఇప్పుడు బీరు మాట ఎత్తట్లేదు.

---

వారానికిమూడుసార్లు:

మంచి పని చేశావు తమ్ముడూ. 79 అంటే చేతిలో చాలా ఉంది. ఆ మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ ఒకసారి చూడాలి, క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు, అది చూసి నీ అంతట నువ్వు ఆపేయకు, డాక్టరుకి చూపించు. రాసిచ్చారా ఆ టెస్టు?

---

ఎడమవైపునడుము:

రాసిచ్చారు అన్నా. రేపు పొద్దున శాంపిల్. నీ చేతి పిల్లి ఎలా ఉంది?

---

వారానికిమూడుసార్లు:

గురగురలాడుతోంది.